గుడ్లు పెట్టని గది

పరిశోధనశాల వెనక గదిలో పందొమ్మిదేళ్లుగా బొద్దింకల్ని పెంచుతున్న అటెండరుని అందరూ బొద్దింకలావిడ అనే పిలిచేవారు. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. బొద్దింకలున్నంత కాలమే తనూ ఉంటానని ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆ వేసవిలో మొదట గుడ్ల తిత్తులు తగ్గాయి. తర్వాత పూర్తిగా ఆగాయి. కొత్తగా చర్మం విడిచి పెద్దవైనవాటి రెక్కలు వంకర్లు తిరిగి ఉన్నాయి. ఆమె తిండి మార్చింది, నీళ్లు మార్చింది, గది వేడి రోజుకి నాలుగుసార్లు చూసుకుంది.

శాస్త్రవేత్త మేడం ఒకదాన్ని కోసి, సూక్ష్మదర్శినిలో చూసి, కళ్లజోడు తీసేసింది.

"ఇది జబ్బు కాదమ్మా. తల వెనక గ్రంథి నుంచి హార్మోను వస్తుందని చెప్పాను, గుర్తుందా?"

"ఎందుకు లేదు మేడం? పిల్లని పిల్లగానే ఉంచేది. పెద్దయ్యాక గుడ్లు పెట్టించేదీ అదే."

"మధ్యలో, పెద్దయ్యే సమయానికి, అది ఆగాలి. ఆగకపోతే ఇదిగో, ఇలా ఎటూ కాకుండా పోతాయి. అలాంటి మందే వీటికి తగిలింది. ఇళ్లలో బొద్దింకలకి కొట్టే మందుల్లో కొన్నిటిలో ఉంటుంది."

ఆమె జాడీల మీది గుడ్డల వైపు చూసింది.

జాడీల మీద కట్టే వల గుడ్డ సమయానికి రాలేదని, రెండు నెలల కిందట ఇంటి నుంచి పాత దుప్పటి తెచ్చి, ముక్కలు కోసి కట్టింది తనే. ఆ దుప్పటి ఉన్న వంటింటి అల్మారాకి అంతకు ముందు వారమే భర్త బొద్దింకల మందు కొట్టించాడు. "అక్కడ వాటికి సేవలు, ఇక్కడ వాటికి చావులు! ఏదో ఒక పార్టీలో ఉండు వదినా," అని ఆడపడుచు పడీపడీ నవ్వింది కూడా.

"తిండిలోనే కలిసుంటుంది. దాన్ని పంపినవాడి మీద రాసేస్తాను," అంది మేడం.

ఊ కొడితే సరిపోయేది.

"వాడి తప్పు కాదు మేడం. ఆ గుడ్డలు నావి."

మేడం కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "జాడీల్లోవన్నీ చంపేయాలి. అరల చెక్క కూడా ఆ మందు పీల్చుకునే ఉంటుంది. మీరొద్దులెండి, వేరేవాళ్లతో చేయిస్తా."

"వేరేవాళ్లయితే ఒలకబోస్తారు. సగం గోడల్లోకి పోతాయి."

పదకొండు జాడీల్నీ ఒక్కొక్కటిగా తనే మోసుకెళ్లి ఫ్రీజర్లో పెట్టింది. నియమం ప్రకారం ప్రతి జాడీ మీద తేదీ, సమయం రాసింది.

ఆ ఏడాది పొడిగింపు కాగితం రాలేదు.