ఎర్త్ లేని గిటారు

మా ఇంట్లో బల్బు మాడిపోతే స్టూలెక్కేది మా ఆవిడ. మెట్‌పల్లిలో ఇరవై ఏళ్లుగా మోటారు వైండింగ్ దుకాణం నడుపుతున్న నేను కింద నిలబడి స్టూలు పట్టుకుంటాను. అది కూడా సరిగ్గా పట్టుకోవడం లేదని పైనుంచి తిట్లు పడతాయి. ఎనిమిదో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి, తిట్లు నాకు కొత్తేమీ కాదు.

మొదటినుంచీ ఇలా లేను. తీగను వేలి వెనకవైపుతో తాకి కరెంటు ఉందో లేదో చెప్పేవాణ్ణి. రాగి తీగ చుట్టేటప్పుడు చేతులకే పని, చెవులు ఖాళీ. ఫోనులో ఏదో ఒకటి మోగుతూ ఉండేది. అలా పాట వెనక పాటగా దొర్లుతూ ఒకరోజు బ్లూస్ అనే అమెరికా నల్లవాళ్ల పాట వచ్చి పడింది. భాష అర్థం కాలేదు. కానీ ఆ గిటారువాడు ఒక స్వరాన్ని పట్టుకుని వంచుతుంటే, మా అవ్వ చేను గట్టున కూర్చుని పోయినవాళ్లను తలుచుకుంటూ గొంతు సాగదీసినట్టే ఉంది. ఒక చౌక గిటారు కొన్నాను, ఫోను చూసి నేర్చుకున్నాను, పెళ్లిళ్లకు వెళ్లే ఆర్కెస్ట్రాలో చేరాను.

మూడేళ్ల కింద ఉట్నూరు వైపు ఒక పెళ్లికి పోయాం. అప్పుడే తుంపర పడి వెలిసింది. వేదిక మీద పరిచిన పట్టా తడిగా ఉంది. ఎడమచేయి తీగల మీద ఉంచి, పాట అందుకోబోతూ పెదవిని మైకుకు ఆనించాను. అంతే. చేయి ఊడి రాదు, అరుపు బయటికి రాదు. ఎదురుగా జనం చప్పట్లు కొడుతున్నారు, నేను ఊగిపోవడం పాటలో భాగమే అనుకున్నారు. డ్రమ్ములు వాయించేవాడు స్విచ్ బోర్డును కాలితో తన్ని కరెంటు ఊడగొట్టాడు కాబట్టి ఇది రాస్తున్నాను. రెండు వేళ్లు నెల రోజులు మొద్దుబారిపోయాయి. గిటారు అమ్మేశాను.

ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నా గిటారు తగిలించిన ఆంప్లిఫయర్ గల్ఫ్ సామాను. గల్ఫ్ నుంచి వచ్చే వస్తువులకు చదరపు పిన్నుల ప్లగ్గు ఉంటుంది, అది మన గోడకు ఎక్కదు. జనం మా దుకాణాలకు తెస్తారు. మేము దాన్ని కోసేసి టాపు, అంటే రెండు పిన్నుల మన ప్లగ్గు, వేస్తాం. లీకైన కరెంటు మనిషిని పట్టకుండా నేలలోకి పంపే ఎర్త్ వైరు మిగిలిపోతుంది, దాన్ని వెనక్కి మడిచి టేపు చుడతాం. వస్తువు నడుస్తుంది, గిరాకీ సంతోషంగా పోతాడు. ఆ రోజు నన్ను పట్టుకున్న దానికి టాపు వేసింది ఎవరో విప్పి చూడలేదు. నేనే అయి ఉంటానేమోనని చూడటానికే భయం.

ఈ ఏడాది, దుబాయి హోటల్లో మైకులూ సౌండూ చూసుకునే ఒకాయన పక్క ఊరికి పూర్తిగా తిరిగొచ్చేశాడు. అన్నా అని పిలుస్తాను. ఆయన దగ్గర రెండు మంచి గిటార్లున్నాయి, నేను జన్మలో తాకనంత ఖరీదైనవి. ఒకటి ఉంచుకుని ఒకటి నాకు తక్కువ ధరకు ఇస్తానన్నాడు. కంచం అంచు మీద వేళ్లతో నేను వాయిస్తుంటే మూడేళ్లుగా చూస్తున్న మా ఆవిడ ఒక్కటే మాట అంది.

"పోయి సూసిరా. ముట్టుడు నీతోటి కాకుంటే వాపస్ రా. గంతే గని ఇంట్లనే కూసోని భయపడుడేంది."

పోయాను. గడపలోనే చిక్కు వచ్చింది. ఆయన భార్య, మా వదిన, అప్పుడే ఇల్లు తుడిచింది. నున్నటి బండలు తడిగా మెరుస్తున్నాయి. రబ్బరు చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి. ఏ ఇంట్లోనైనా అంతే కదా. వట్టి కాళ్లతో తడి బండ మీద నిలబడి కరెంటు గిటారు పట్టుకోవడం నా వల్ల కాదు. అరికాళ్లల్లో ఆనెలున్నాయి వదినా, బండ మీద నిలవలేను అని అబద్ధం ఆడాను. ఆమె నొచ్చుకుని చెక్కపీట తెచ్చి వేసింది. దాని మీదెక్కి నిలబడ్డాను. మంగళస్నానానికి నిలబెట్టిన పెళ్లికొడుకులా ఉన్నావని అన్న నవ్వాడు. నేనూ నవ్వాను.

రెండు గిటార్లు మంచం మీద పెట్టి ఉన్నాయి. ఒకటి తేలిక, తీగల కింద శబ్దం పట్టే సన్నటి పికప్పులు మూడు. ఇంకొకటి బరువు, లావుపాటివి రెండు. సన్నపువి బ్లూస్‌కు బాగుంటాయనీ, కాకపోతే మోత పెడతాయనీ, లావువి రాక్‌కు గట్టిగా పలుకుతాయనీ, గమ్మున ఉంటాయనీ అన్న చెప్పాడు. గమ్మున ఉండేదే చాలు అనుకున్నాను. భయపడ్డవాడికి నిశ్శబ్దం కంటే ఏం కావాలి?

అన్న ఆంప్లిఫయర్ ఆన్ చేశాడు. తేలిక గిటారు మెడలో వేసుకుని, వట్టి కాళ్లతో, తడి బండ మీద నిలబడి తీగలు మీటాడు. వేళ్లకు జర చిమచిమ అంటుంది, కరెంటు గిటారంటే అంతే కదా అన్నాడు.

నా చూపు వైరు వెంట పాకుతూ గోడ దాకా పోయింది. రెండు పిన్నుల టాపు. వైరు చివర నల్ల టేపు మూడు చుట్లు, మళ్లీ విప్పడానికి వీలుగా కొస మడిచి ఉంది. అలా కొస మడిచేది మా బజారులో నేనొక్కణ్ణే. ఐదేళ్ల కింద సెలవుకు వచ్చినప్పుడు ఈయనే దీన్ని మా దుకాణానికి తెచ్చాడు.

పీట దిగి పోయి స్విచ్ ఆపాను, టాపు పీకేశాను. ఏమైందని అన్న అడిగాడు.

"అన్నా, గది ముట్టకు. ఎర్త్ తీసేసిన. నేనే తీసేసిన."

బండి పెట్టెలోంచి పనిముట్లు తెచ్చాను. టేపు విప్పితే ఎర్త్ వైరు మడత పెట్టింది పెట్టినట్టే ఉంది. మూడు రంధ్రాల ఫ్రిజ్ సాకెట్టులో, కరెంటు వచ్చే ఫేజుకీ ఎర్తుకీ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టాను. నిండుగా వెలిగింది, అంటే ఇంటికి ఎర్త్ ఉంది. మూడు పిన్నుల టాపు బిగిస్తుంటే వదిన మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఆ నీళ్లు తాగుతుంటే నేను టాపులు వేసిన ఇస్త్రీపెట్టెలూ, మిక్సీలూ, అవి ఉన్న ఇళ్లూ కళ్ల ముందు తిరిగాయి.

అదే సాకెట్టులో పెట్టి మళ్లీ ఆన్ చేశాను. టెస్టరును తీగల మీద ఆనించాను, వెలగలేదు. ఇక చేయి పెట్టాలి. ఎంతసేపు పెట్టలేకపోయానో తెలియదు. అన్న తొందర పెట్టలేదు. కళ్లు మూసుకుని వేలి వెనకవైపుతో తాకాను. గుయ్యిమంటున్న మోత టక్కున తగ్గింది. చేయి తీశాను, మోత మొదలైంది. మళ్లీ తాకాను, తగ్గింది. షాక్ లేదు. తాకగానే మోత తగ్గిందంటే తీగలు ఎర్తుకు అందాయన్నమాట. తీగ మీద నా వేలు ఉంది, నేను బతికి ఉన్నాను.

బరువు గిటారునూ తాకి చూశాను. తాకకముందూ మౌనమే, తాకాకా మౌనమే. దాని మనసులో ఏముందో తెలియదు. నాలాంటి పిరికివాడికి ముందే మాట్లాడేదే నయం. తేలికదే తీసుకున్నాను. ఒక స్వరం వంచి చూస్తే చివర్లో వణికింది. అది నేర్పుతో వచ్చిన వణుకు కాదు.

మర్నాటి నుంచి టాపులు మార్చడానికి పాత గిరాకీల ఇళ్లు తిరుగుతున్నాను. నిర్మల్ దాకా పోయాను. కొందరు ఇల్లు మారారు, దొరకలేదు. వాళ్లు తలపుకొస్తే ఇప్పటికీ తీగ మీది వేలు ఆగిపోతుంది.

నెల తర్వాత అన్న బజారులో కలిసి గిటారు ఎలా ఉందని అడిగాడు. లోపలి గుబులు కనపడకుండా ఎప్పటిలాగే ఎకసెక్కానికి దిగాను. నీ ప్రాణం కాపాడిన మనిషిని, గిటారుకు బెల్టన్నా ఉత్తగా ఇవ్వకపోతివి అన్నాను.

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"నువ్వేం కాపాడలే తమ్మీ. ఐదేండ్ల కింద నా పాణం తీసే పని మొదలువెట్టినవ్, పూర్తి చెయ్యలే, గంతే."