పెట్రోలులో ఇప్పసారా

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పెట్రోలుకు రేషను చీటీలు పెట్టారు. మేడ్చల్‌లో గౌరయ్య పటేలుకున్న పాత ఫోర్డు కారుకు నెలంతటికీ ఇచ్చే పెట్రోలు పది రోజులకే అయిపోయేది. మిగతా ఇరవై రోజులు దాన్ని నడిపించే పూచీ డ్రైవరైన మా జక్కయ్య తాతది. అప్పటికి తాతకు ఇరవై మూడేళ్లు. మీసం ఇంకా సరిగా రాలేదు గానీ తెలివి మాత్రం కావలసినదానికన్నా ఎక్కువే వచ్చేసింది.

మొదట కిరసనాయిలు కలిపాడు. ఆ నల్లపొగకు ఆరేసిన చీరలు మసిబారి, పక్కింటి సుక్కమ్మ చాట పట్టుకుని కారు వెంట పడింది. తర్వాత కానుగనూనె పోశాడు. ఇంజను రెండు దగ్గులు దగ్గి షామీర్‌పేట దారిలో పడుకుంది. పటేలే దిగి తోశాడు.

"జక్కా, నేను కారెక్కిన్నా, కారు నన్నెక్కిందారా?"

చివరికి బౌరంపేట సిద్దయ్య రెండుసార్లు కాచిన ఇప్పసారా దొరికింది. గరిటెలో పోసి అంటిస్తే నీలి మంట లేచి, చుక్క నీరు మిగలకుండా ఆరింది. మూడు పాళ్ల పెట్రోలుకు ఒక పాలు కలిపితే ఫోర్డు పెండ్లి బరాతు గుర్రంలా ఉరికింది.

ఇంజను బాగుపడింది గానీ తాత నోరు చెడింది. సారాను డబ్బాలోంచి ట్యాంకులోకి దించాలంటే రబ్బరు గొట్టం నోట పెట్టి గుంజాలి, ధార అందగానే నోరు తీసేయాలి. తాత ప్రతిసారీ కాస్త ఆలస్యంగా తీసేవాడు. అంతా ఉమ్మేశానంటాడు. ఎంత ఉమ్మాడో దేవునికే తెలియాలి.

అప్పుడే దేవరయాంజాల్ ఇస్సాకు కూతురు ఎస్తేరుతో తాతకు పెండ్లి కుదిరింది. పెండ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో జంట పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరముందా అని అడగడం ఆనవాయితీ. రెండు వారాలు సాఫీగా గడిచాయి. మూడో ఆదివారం తండ్రీకూతుళ్లను మేడ్చల్ చర్చికి తీసుకుపోదామని తాత కారుతో వచ్చాడు. వాళ్ల వాకిట్లో ఆగి ట్యాంకు నింపి, నోరు తుడుచుకుని, "వందనాలు మామా" అన్నాడు నోరారా.

ఇస్సాకు రెండడుగులు వెనక్కి వేశాడు. "తాగి చర్చికొస్తవా? ఇయ్యాల అందరి ముందట లేచి చెప్త, నా బిడ్డనియ్య!"

"నేను తాగలే మామా. తాగేది కారు!"

"కారు తాగితె నీ నోరెందుకు కంపు గొడ్తాంది?"

తాత గొట్టం చూపించాడు. ఇస్సాకు నమ్మలేదు. సంబంధం చేజారేట్టుంది. అప్పుడు ఎస్తేరవ్వ గడపలోంచే అంది:

"నాయినా, గా గొట్టం నువ్వే ఒక్కపారి గుంజి సూడరాదు. నోట్లెకు రాకపోతె ఈయన అబద్ధమాడినట్టు."

ఇస్సాకు చర్చిలో కీర్తన ఎత్తుకుంటే ఊరవతలికి వినబడేది. అంత ఊపిరితోనూ ఒక్క గుంజు గుంజాడు.

"ఉమ్ము మామా, జల్దీ ఉమ్ము!"

"ఏడ ఉమ్మాలెరా, దిగిపాయె!"

కన్నీళ్లు తుడుచుకుని, కాబోయే అల్లుడి మీద కోపం రెట్టింపు చేసుకుని, ఇస్సాకు కారెక్కాడు.

ఆ రోజు చర్చిలో ఆయన కీర్తన ఎత్తుకోలేదు. పాదిరి యేసయ్య పేర్లు చదివి, "ఎవరికన్న అభ్యంతరమున్నదా?" అని అడిగాడు. ఇస్సాకు దిగ్గున లేచాడు. నోరు తెరవబోయి, పక్కనున్న పెద్దమనిషి ముక్కు ఎగబీల్చడం చూశాడు. టక్కున మూసేశాడు.

"ఇస్సాకూ, ఏమన్న చెప్తవా?"

ఇస్సాకు పెదవులు బిగబట్టి అడ్డంగా తల ఊపి కూర్చున్నాడు. పాదిరి పెండ్లి ఖాయం చేశాడు.

ఆడవాళ్ల వరుసలో ఎస్తేరవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది. పుట్టిల్లు విడిచిపోవాలని ఏడుస్తోందేమో అనుకుని పక్కనున్న మరియమ్మ ఆమె వీపు నిమిరింది.