వస్తదన్న పెట్టె

ఇటు జరిగి నా పక్కన కూర్చోండి, ఫ్యాను గాలి ఈ మూలకే బాగా తగులుతుంది. నిలబడి చెప్పే ఓపిక నాకు లేదు, మీకూ నిలబడి వినే అవసరం లేదు.

చిక్కడపల్లిలో మేము కిరాయికి ఉన్న ఇళ్ళన్నీ నాకు గుర్తే. ఒకదాంట్లో వంటింటి కిటికీ తీస్తే పక్కింటి తిరగమోత ఘాటు మా కళ్ళల్లోకి వచ్చేది. ఇంకోదాంట్లో మెట్ల మలుపులో మంచం తిరగక కోళ్ళు విప్పి పైకెక్కించాం. చివరి ఇల్లు బాగానే ఉందనుకుంటుండగా ఓనరుగారు వచ్చి, బిల్డరుకి ఇచ్చేస్తున్నాం, దసరాలోపు ఖాళీ చేయండన్నారు. ఆ రోజు నేను సామాను వైపు చూడలేదు. చూస్తే ఏడుపొస్తుందని భయం.

ఊరికి దూరంగా మాకు కాస్త స్థలం ఉంది. అందులో రెండు గదులు వేసుకున్నాం, బోరుకి చేతిపంపు బిగించాం, సున్నం కూడా కొట్టించాం. కరెంటు మాత్రం రాలేదు. స్తంభాలు ఎక్కడో మలుపులోనే ఆగిపోయాయి. కరెంటాఫీసులో ఎప్పుడడిగినా "వస్తది" అంటారు. మా ఆయనకి ఇన్సులిన్ లేకపోతే గడవదు, ఆ మందుకి ఫ్రిజ్ లేకపోతే గడవదు. అందుకే ఆ ఇంటికి తాళం.

మా ఆయన సినిమా హాల్లో ప్రొజెక్టరు ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. మిషన్లంటే ఆయనకి ఎక్కడలేని నమ్మకం. ఒక పొద్దున ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చారు.

"ఇదిగో చూడు. స్తంభం అక్కర్లేదు, తీగ అక్కర్లేదు. దీన్ని ఫ్యూయల్ సెల్ అంటారట."

"సెల్లా? టార్చిలైట్లో వేసేదా? ఫ్రిజ్‌కి ఎన్ని పడతాయండీ?"

"నీ మొహం! ఇది మన బీరువాలో సగం ఉంటుంది."

"అయితే అదీ మనమే మోయాలన్నమాట."

సోలారు పెట్టించుకుందామని నేను ముందునుంచీ అంటున్నదే. ముసురు పట్టి ఎండ లేకపోతే బ్యాటరీ పడుకుంటుంది, నా మందు పాడవుతుంది అని ఆయన ఒప్పుకోలేదు. ఈ పెట్టెకి ఎండా వానా ఒకటేనట. ఇక ఆగితేనా? మేస్త్రీని పంపి వంటగది బయట దానికో గట్టు కట్టించేశారు, పెట్టె ఎక్కడ అమ్ముతారో తెలియకముందే.

ఆఖరికి నారాయణగూడలో ఇన్వర్టర్లు, సోలారు పలకలు అమ్మే షాపులో చూపిస్తారని తెలిసి ఇద్దరం వెళ్ళాం. షాపు నడిపేది ఒకావిడ. కుర్చీలు తుడిచి వేసింది.

"కూసోండ్రి సార్. పెద్దమ్మా, నువ్వు ఈడ కూసో, గాలొస్తది. మీరు ఫోన్ల అడిగింది ఇదే."

బల్ల మీద టిఫిను క్యారియరంత నమూనా పెట్టె. పక్కన చిన్న సిలిండరు, ఒక బల్బు, బల్ల ఫ్యాను. మీట నొక్కగానే బల్బు వెలిగింది, ఫ్యాను తిరిగింది. గొట్టం చివర నీటి చుక్కలు గ్లాసులో పడుతున్నాయి. వేలు పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉన్నాయి.

"హైడ్రోజన్ గ్యాసు ఇట్ల పోతది, గాలి అట్ల పోతది. రెండు కలిస్తే కరెంటు. మిగిలింది ఆ నీళ్ళే," అంది ఆవిడ.

మా ఆయన పెట్టెకి చెవి ఆనించారు. "మా హాల్లో జనరేటరు వేస్తే హీరో డైలాగు వినపడక జనం ఈలలేసేవాళ్ళు. ఇది చూడు, అసలు చప్పుడే లేదు." ఆయన మొహం అంత వెలగడం చూసి చాలా కాలమైంది. అడగాలనిపించలేదు గాని అడిగాను.

"గ్యాసు అయిపోతే ఎలాగమ్మా? వంట గ్యాసులా బుక్ చేస్తే వస్తుందా?"

"వస్తది పెద్దమ్మా."

"ఎప్పుడు?"

ఆవిడ నవ్వేసింది. "గదే తెల్వదు. ఇప్పుడైతే ఫ్యాక్టరీలకే ఇస్తున్నరు. ఇండ్లకు ఎవ్వరు తేరు. మీ ప్లాటు కాడికైతే అసలే రారు."

"సోలారుతో నీళ్ళలోంచి ఇంట్లోనే తీసుకోవచ్చట కదమ్మా?" అన్నారు ఈయన, వదలకుండా.

"తియ్యొచ్చు సార్. ఎండను గ్యాసు చేసి, మల్ల గ్యాసును కరెంటు చేసేసరికి సగానికంటే ఎక్కువనే పోతది. దానికో మిషను, ఓ ట్యాంకు, చూస్కునే మనిషి. లీకైతే వాసన గూడ రాదు. మంచిదే సార్, బ్యాటరీకి చాతగాని ముసురుల ఇదే నిలబడ్తది. కని ఇంక జర టైం పడ్తది. అబద్ధమాడి అమ్మితే రేపు నా షాపు ముంగట మీరే కూసుంటరు."

నాకు వడియాలు గుర్తొచ్చాయి. అవీ ఎండను దాచుకోవడమే కదా. కాకులు తిన్నవి, విరిగినవి పోగా డబ్బాలోకి చేరేది కొంచెం. ముసురు రోజున ఆ కొంచెమే కంచంలోకి వస్తుంది. ఆ పెట్టె చెడ్డదని నేననను. మా వయసుకి అందేలా రావడం లేదు, అంతే.

నడిచి వస్తూ అశోక్ నగర్లో టీ బండి దగ్గర ఆగాం. ఆయన గ్లాసు పట్టుకున్నారే గాని తాగలేదు. పక్కన సర్కారు ఉద్యోగాల పరీక్షలకి చదివే పిల్లలు ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"నోటిఫికేషన్ వస్తదంటవారా?"

"వస్తది తియ్."

ఈయన నా వైపు చూసి నీరసంగా నవ్వారు. "పద, ఇంకో కిరాయి ఇల్లు వెతుకుదాం."

"నావల్ల కాదండీ. మంచం కోళ్ళు విప్పడం ఇదే ఆఖరు. సోలారూ బ్యాటరీ పెట్టిద్దాం, చిన్న ఫ్రిజ్ చాలు."

"మరి ముసురు పడితే?"

"మందు ఐసు డబ్బాలో పెట్టుకుని అంబర్‌పేటలో మా చెల్లెలింటికి వచ్చేద్దాం."

"మీ మరిది నన్ను ఎన్నాళ్ళు భరిస్తాడే?"

"నేను భరించట్లేదూ?"

చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, మళ్ళీ షాపు వైపు తిరిగారు.

దసరాకి ముందే ఆ ఇంట్లో చేరాం. ఎండ ఉన్నన్నాళ్ళూ ఫ్రిజ్ బాగానే నడిచింది. మొన్న మబ్బు కమ్మి వదలకపోయేసరికి తాళం వేసుకుని, బస్సు మారి, ఇదిగో, మా చెల్లెలింటికి ఇలా వచ్చాం. ఆయన మందు ఇప్పుడు వీళ్ళ ఫ్రిజ్‌లోనే ఉంది. ఆకాశం తెరిపివ్వగానే వెళ్ళిపోతాం, మబ్బు పడితే మళ్ళీ వస్తాం. నా మోకాళ్ళు అరిగిపోతున్నాయి. అయినా ఖాళీ చేయమనేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు.

ఇంతసేపు విన్నారు. మీ ఇంట ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా లోపల దీపం వెలగాలి, అందులో మందులకి బదులు పిల్లలు తినే పళ్ళే ఉండాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి.