రబ్బరు పట్టుకెళ్లిన అక్క

నేను చందానగర్‌లో అద్దెకున్నప్పుడు మా పై వాటా అక్క పాత పుస్తకాలు ఆన్‌లైన్‌లో అమ్మేది. కొన్నవాళ్లు ఎంత కోపంగా మెసేజ్ పెట్టినా, "నేనే వచ్చి మాట్లాడ్త" అనేది.

ఒకసారి తెల్లాపూర్ నుంచి ఒకాయన, పుస్తకం నిండా పెన్సిల్ గీతలున్నాయని, ఇది మోసమని రివ్యూ పెట్టాడు. గీతల సంగతి అక్క పుస్తకం అమ్మకానికి పెట్టినప్పుడే రాసింది. అయినా ఆ రివ్యూతో ఆర్డర్లు తగ్గిపోయాయి. ఆమె ఇల్లు గడిచేది వాటితోనే. ఆదివారం రబ్బరు పట్టుకుని నా బండెక్కింది.

ఆయన పుస్తకంతో తన అపార్ట్‌మెంట్ గేటు దగ్గరకొచ్చాడు. "మీరు రాసింది నేను చూడలేదండి. అయినా ఇన్ని గీతలుంటే ఎలా చదవాలండి?"

"చూడకపోవుడు మీ తప్పు సార్. అయినా తుడిచిస్త."

సెక్యూరిటీ గది మెట్ల మీద కూర్చుని ఒక్కో పేజీ తుడవసాగింది. నేను సాయం చేయబోతే వద్దంది. ఎండ ముఖం మీదకొచ్చినా కదల్లేదు. కాసేపు చూసి, ఆయనే లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చాడు. పుస్తకం పూర్తయ్యేలోపు రివ్యూ తీసేశాడు.

"దీని రెండో భాగం ఉందా అండి?" అన్నాడు మెల్లగా.

"ఉంది. దాంట్ల గూడ గీతలున్నయ్," అంది అక్క, చీర మీది రబ్బరు పొడి దులుపుకుంటూ. "ఈసారి నేను రాసింది చదివి కొనండి. తుడవనీకి నేనైతే రాను."