పళ్ళెంలో కొండలు

రెండు కుటుంబాలం పంచుకున్న మా ఫ్లాట్‌లో పెద్దగది అవతలివాళ్ళకెందుకు పోయిందంటే, వాళ్ళాయనగారికి డ్రైవింగ్ లైసెన్సుంది. అద్దె మాత్రం చెరిసగమే! ఎనభైల మొదట్లో షార్జాలో లైసెన్సు చేతికి రావడమంటే మాటలు కాదు. పరీక్ష తప్పీ తప్పీ విసిగిపోయి ఇంక నాకొద్దని వదిలేసినవాళ్ళే ఎక్కువ. మేముండే రోలా పేటలో మా బిల్డింగు మొత్తమ్మీద తెలుగువాళ్ళలో లైసెన్సూ, ఓ పాత కారూ ఉన్న మగాడు ఈయనొక్కడే. అంచేత ఆయన సోఫాలో కూర్చుంటే మా ఆయన కింద చాప మీద కూర్చునేవాడు. ఎవరూ కూర్చోమనలేదు. మా ఆయనకి అదో జబ్బు.

నేను ఆయన్ని "అన్నయ్యగారూ" అనేదాన్ని, వాళ్ళావిడని "వదినా" అనేదాన్ని. ఆవిడ నోట్లో నాలుక లేని మనిషి. మొగుడు ఏమన్నా గంగిరెద్దులా తలాడించడమే తప్ప మారు మాట్లాడి ఎరగదు. ఇద్దరు పిల్లల్ని చూసుకుంటూ, టీ కాచుకుంటూ, ఆయన చెప్పులు వరసగా పెట్టుకుంటూ బతికేది.

శుక్రవారం సెలవు కాబట్టి గురువారం సాయంత్రం హాల్లో సభ తీరేది. విషయం ఎప్పుడూ ఒకటే. రెండు కుటుంబాలూ కలిసి చవగ్గా కొండలకి వెళ్ళిరావడం. కొండలకి అవతల సముద్రపొడ్డున ఖోర్ ఫక్కాన్ అనే ఊరు దాటాక వురయ్యా అని ఓ లోయ ఉంది. చుట్టూ రాతికొండలు, మధ్యలో ఎండాకాలం కూడా ఎండని జలపాతం. ఇప్పుడు దాన్ని జాతీయ పార్కు చేశారట. అప్పట్లో బోర్డూ లేదు, కంచె లేదు, బండి ఉన్నవాళ్ళు చాపా, క్యారియరూ పట్టుకుని వెళ్ళి కూర్చునేవాళ్ళు.

సభ మొదలవగానే అన్నయ్యగారు నన్ను వెడల్పాటి స్టీలు పళ్ళెం తెమ్మనేవాడు. అందులో పంచదార పోయించి, చూపుడువేలితో రోడ్డు గీసేవాడు. ఇదిగో రోలా, ఇదిగో ధైద్. బోర్లించిన టీకప్పులు మసాఫీ కొండలు. కప్పుల మధ్యనించి వేలు మెలికలు తిప్పుకుంటూ పోనిచ్చి, "ఇక్కడ గేరు తగ్గించాలి, ఇక్కడ హారన్ కొట్టాలి" అని మా ఆయనకి పాఠం చెప్పేవాడు. అరచేతిలో వైకుంఠం అంటారు చూడండి, ఈయన పళ్ళెంలో చూపించేవాడు. సభ అయ్యాక ఆ పంచదార మళ్ళీ డబ్బాలోకే! ఆయన వేలు తిరిగిన పంచదార వారమంతా మేం టీలో వేసుకు తాగాం.

ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. ఐసు కొనద్దు, నీళ్ళసీసాలకి తడితువ్వాలు చుడితే చాలు. దారిలో హోటలు గీటలు వద్దు, ఆడవాళ్ళు తెల్లారే లేచి పులిహోర కలిపేస్తే సరి. కెమెరాకి రీలెందుకు, కళ్ళు లేవా? ఇంతా చేసి వారం తిరిగేసరికి ఏదో ఒక అడ్డం. ఓ వారం టైరు బాగోలేదు. ఓ వారం ఇసకగాలి. ఓ వారం ఊరికే, మనసు బాగోలేదట! జలపాతం ఎక్కడికి పోతుందమ్మా అనేవాడు. జలపాతం గోల నాకెందుకు? నా తొందర వేరు.

ఖోర్ ఫక్కాన్‌లో మా అక్క ఉంది. ఒక అరబ్బుల ఇంట్లో పని మనిషి. మేమిద్దరం ఒకే దేశంలో ఉండి మూడేళ్ళుగా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. దానికి సెలవన్నది లేదు, నాకు వెళ్ళే దారి లేదు. ఒంటరిగా టాక్సీలో కొండలు దాటి పంపడానికి మా ఆయన ఒప్పుకోడు, తనూ వెంట రాడు. ఈ సభలు తీరిన చలికాలానికి ముందే ఊళ్ళో మా అమ్మ పోయింది. ఉత్తరం చేరేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది. కిరాణా కొట్టు నించి అక్కకి ఫోన్ చేసి "అమ్మ పోయిందే" అన్నాను. "తెలుసే" అంది. ఇద్దరం ఊపిరి తీసుకునేలోగా అవతల ఎవరో అరబ్బీలో కేకేశారు. పెట్టేసింది.

మా గోదావరి వైపు ఇంట్లో మనిషి పోతే, అయినవాళ్ళు మొదటిసారి ఎదురుపడ్డప్పుడు మెడలు పట్టుకుని బావురుమని ఏడవాలి. పోయినవాళ్ళ గుణాలన్నీ ఎత్తి ఏడవాలి. ఒక్కత్తే గదిలో కూర్చుని ముక్కు చీదుకుంటే అది ఏడుపు కాదు. ఆ ఏడుపు అయ్యేదాకా పోయినవాళ్ళు పూర్తిగా పోనట్టే. నాకు కడుపులో రాయి పెట్టుకు తిరుగుతున్నట్టుండేది. ఏది తిన్నా ఆ రాయికే తగిలేది.

అంచేత ఓ గురువారం టీ ఇస్తూ అడిగాను. "అన్నయ్యగారూ, దారిలో ఖోర్ ఫక్కాన్‌లో ఓ పది నిమిషాలు ఆపుతారా? అమ్మ పోయాక అక్కని కలవలేదు. దాన్ని పట్టుకుని ఓసారి ఏడవాలి."

ఆయన పంచదారలోంచి వేలు తియ్యకుండానే అన్నాడు. "సరదాగా వెళ్తూ దారిలో ఏడుపులేంటమ్మా? పిల్లలు జడుసుకుంటారు. పైగా ఊళ్ళోకి తిరిగితే పెట్రోలు దండగ."

ఛీ, నీ బతుకు చెడ, అనుకున్నాను లోపల. మా ఆయన చాప మీంచి "పోనీ సార్, ఐదు నిమిషాలు" అని నసిగాడు. వదిన చటుక్కున లేచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి విప్పింది. గిన్నెలేం లేవు అక్కడ తోమడానికి. ఈవిడకి కూడా నా మాట గిట్టలేదు కాబోలు, మొగుడికి తగ్గ పెళ్ళాం అనుకున్నాను. చివరికి దొరగారు దయతలిచి, సరే, ఐదు నిమిషాలు అన్నాడు.

ఎట్టకేలకి ఓ శుక్రవారం పొద్దున్నే బయల్దేరాం. మధ్యాహ్నం నమాజుకి ఇంట్లో మగాళ్ళు మసీదుకి పోతారు, ఆ కాసేపూ పెరటి గేటు దగ్గర నుంచుంటానని అక్క ముందే చెప్పింది. ధైద్ దాకా ఇసక, చదును రోడ్డు. ఆయన ఒక చెయ్యి కిటికీలో పెట్టి ఈలలు వేశాడు. కొండలు దగ్గరపడేకొద్దీ ఈల ఆగిపోయింది. మసాఫీకి ముందు మొదటి ఎత్తు వచ్చింది. పళ్ళెంలో కప్పంత లేదది నిజానికి. సగం ఎక్కాక బండి గుర్రుమని ఆగి, వెనక్కి జారింది! వెనక లారీలు హారన్లు. పిల్లలు కేకలు. ఆయనకి గేరు దొరకలేదు, బ్రేకు దొరకలేదు, నోట మాట దొరకలేదు. ఎలాగో జారుకుంటూ రోడ్డు పక్క రాళ్ళలోకి దింపాడు. చొక్కా తడిసిపోయింది.

"బండి వేడెక్కింది" అన్నాడు, బానెట్ ఎత్తి లోపలికి చూస్తూ. నేను దిగి చెయ్యి పెట్టి చూశాను. దాని మీద అప్పడం కూడా వేగదు. అప్పుడర్థమైంది నాకు, టైర్లూ ఇసకగాలులూ ఎక్కణ్ణించి వచ్చాయో. ఆ మనిషి జన్మలో కొండరోడ్డు ఎక్కలేదు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందట!

"ఇక్కడే చాప పరుచుకుని తినేద్దాం. కొండ ఎక్కణ్ణించి చూసినా కొండే కదా" అన్నాడు.

"అక్కడ మా అక్క నుంచుంది" అన్నాను.

"ఇంకోసారి వెళ్దాంలేమ్మా."

నేను రోడ్డు మీదకి నడిచి చెయ్యి అడ్డంపెట్టాను. పొద్దున్నే షార్జాకి చేపలు తెచ్చి దింపేసి ఖాళీగా పోతున్న పికప్ ఒకటి ఆగింది. డ్రైవరు పఠాన్. "కహాఁ?" అన్నాడు. ఖోర్ ఫక్కాన్ అన్నాను. "బైఠో, యల్లా" అన్నాడు, ఎక్కు, పోదాం పద అని. నేను పట్టుచీరతో చేపల పెట్టెల మధ్య ఎక్కి కూర్చున్నాను. మా ఆయన నన్ను చూశాడు, అన్నయ్యగారిని చూశాడు. తరవాత కారులోంచి మా క్యారియర్ తీసుకుని వచ్చి పికప్ ఎక్కాడు. కాపురంలో ఆయన చేసిన మగాడి పని అదొక్కటే, కాదనను.

"ఏమయ్యా, క్యారియర్ ఇక్కడ పెట్టి వెళ్ళు!" అని వెనకనించి కేక వినపడింది.

మేం చేరేసరికి నమాజు అయిపోయింది. పెరటి గేటు దగ్గర నల్లగుడ్డ తలకి చుట్టుకుని ఎవరో బక్కమనిషి నుంచుంది. నేను పోల్చుకోలేదు. అదే నన్ను పోల్చుకుని "చేపల కంపేంటే నీ దగ్గర!" అంది. అంతే, ఇద్దరం మెడలు పట్టేసుకున్నాం. అమ్మ తల దువ్వడం, అమ్మ తిట్టడం, జ్వరమొస్తే అమ్మ కాచే మిరియాల చారు, అన్నీ ఎత్తి ఎత్తి వీధి అదిరేలా ఏడ్చాం. గేటు తెరుచుకుని ఇంటి పెద్దావిడ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. అక్క బిగుసుకుపోయింది. ఆవిడ ఏదో అడిగింది. అక్క తనకొచ్చిన అరబ్బీలో "ఉమ్మీ ఖలాస్" అంది. మా అమ్మ అయిపోయిందని.

ఆ ముసలావిడ నోటి మీద చెయ్యి వేసుకుంది. ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదని అక్కని కసిరింది. మా ఇద్దర్నీ చెయ్యి పట్టి లోపలికి లాగి, గోడ నీడన కూర్చోబెట్టి, పనులున్నాయని కేకేసిన కోడల్ని గదిమి పంపేసింది. కళ్ళు ఎండిపోయేదాకా ఏడ్చాం. అప్పుడు అక్క ముక్కు తుడుచుకుని "అమ్మ పచ్చచీర ఎవరు తీసుకున్నారే?" అంది. చిన్నమరదలు అన్నాను. "దొంగమొహం!" అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ పూట నేను తిన్న పులిహోర కడుపులోకి దిగింది.

తిరిగి వచ్చేసరికి రోలా అంతా టాంటాం అయిపోయింది. రెండు కుటుంబాల్ని కొండలకి తీసుకెళ్ళాడట, ఇంత చవగ్గా ఇంకెవడూ తీసుకెళ్ళలేడట! కొండల గాలి వేరే అని చెప్పుకుంటున్నాడు సిగ్గులేని మనిషి. తరవాతి గురువారం మళ్ళీ సోఫా, మళ్ళీ పళ్ళెం. ఈసారి అల్ ఐన్ కొండ. మా ఆయన మాత్రం చాప మీద కూర్చోలేదు. గోడకానుకుని నుంచున్నాడు.

నేను వంటింట్లో ఉన్నాను. వదిన టీ గిన్నె పెట్టి, నా వైపు చూడకుండా అడిగింది. "అక్కని పట్టుకుని ఏడ్చావా?"

"ఏడ్చాను వదినా."

"గట్టిగానే?"

"వీధంతా వినపడేలా."

ఆవిడ పొయ్యి ఆర్పేసింది. "మా నాన్న పోయి రెండేళ్ళయింది. ఈయనకి చెప్తే, పిల్లల ముందు ఏడవద్దు అన్నాడు. నాకిక్కడ ఎవరున్నారే" అంది.

నేను చేతిలో కప్పు కింద పెట్టి ఆవిడ మెడ పట్టుకున్నాను. వాళ్ళ నాన్నని నేనెప్పుడూ చూడలేదు. ఆయన ఏం చేసేవాడు వదినా, చెప్పు, చెప్పి ఏడువు, అన్నాను. గుర్రబ్బండిలో తనని స్కూలుకి దింపేవాడట. అక్కడ మొదలుపెట్టింది. ఆ నోట్లో నాలుక లేని మనిషికి అంత గొంతుందని ఆరోజే తెలిసింది.

ఆయన హాల్లోంచి పరిగెత్తుకొచ్చాడు, వేలికి పంచదార అంటుకుని ఉంది. "ఏంటే ఆ ఏడుపు, ఎవరు పోయారు?"

"మా నాన్న" అంది వదిన.

"రెండేళ్ళయింది కదే!"

"నాకు ఇవాళే పోయాడు" అని, మొగుడి మొహం మీదే వంటింటి తలుపేసి మళ్ళీ నా మెడ పట్టుకుంది.