ఎడమ ముందు చక్రం చప్పుడు

పోయిన నెల ఉప్పల్ నుంచి అద్దెకారులో ఇంటికి వస్తున్నాను. మెట్రో స్తంభాల కింద బండి నెమ్మదించినప్పుడల్లా ముందు చక్రం దగ్గర ఏదో కటకటమంటోంది. "బ్రేకులు చూపించావా బాబూ?" అని అడిగితే డ్రైవరు "ఏం ఫికర్ లేదు సార్, గట్లనే వస్తది" అని పాటల శబ్దం పెంచాడు. చప్పుడుకి అతను కనిపెట్టిన మందు అది. కారణం వెతక్కుండా చెవులు మూసుకునే అలవాటు మీద నేను నలభై ఏళ్లుగా వ్యాసాలు రాస్తూనే ఉన్నాను కాబట్టి, మామూలుగా అయితే హబ్సిగూడ చేరేలోపు అతనికి ఒక ఉపన్యాసం తప్పేది కాదు. ఆ రోజు ఉపన్యాసం మానుకున్నాను. ఇలాంటి చప్పుడు వెంట వారం రోజులు పట్టుబట్టి తిరిగి, చివరికి నేను ఎక్కడ తేలానో గుర్తొచ్చింది.

ఎనభైల చివర సంగతి. మా బావ ఉప్పల్‌లో ఉంటూ తన పాత కారును నాచారంలోని ఒక ఫ్యాక్టరీకి తిప్పేవాడు. పొద్దున హబ్సిగూడలో ముగ్గురు ఇంజనీర్లను ఎక్కించుకోవాలి, ఫ్యాక్టరీలో దింపాలి, సాయంత్రం తిరిగి తేవాలి. అక్క ఇల్లు నడిచేది దానిమీదే. నేను వాళ్ల పక్క గదిలో ఉంటూ నాచారంలో బడిపంతులుగా చేసేవాణ్ణి. ఆదివారాలు రీడింగ్ రూములో వాదాలు. దేవుడు, దయ్యం, జాతకం, ఏది దొరికితే అది. ఇంట్లో కూడా వాదాన్ని చెప్పులతోపాటు గుమ్మం బయట వదిలేవాణ్ణి కాదు. ఉప్పల్ దగ్గర ఒక లారీ కారును రాసుకుపోయాక అక్క దాని ముందు కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండను ఒకరోజు వాడంతా చూస్తుండగా తెంపి పారేశాను. "బండిని ఆపేది బ్రేకు, నిమ్మకాయ కాదు" అని పెద్ద గొంతుతో చెప్పాను. ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే, ఆ ఆదివారం రీడింగ్ రూములో మళ్లీ వాడుకున్నాను. అక్క తెగిన దండ ఏరుకుని లోపలికి పోయింది. గెలిచాననుకున్నాను.

తరవాత కొన్నాళ్లకు చప్పుడు మొదలైంది. ఇంటి దగ్గర బయలుదేరినప్పుడు ఏమీ ఉండదు. హబ్సిగూడలో ఇంజనీర్లు ఎక్కాక, బ్రేకు తొక్కి బండిని నెమ్మదింపజేస్తే చాలు, ఎడమ ముందు చక్రంలో టక్, టక్, టకటక. బండి వేగం అందుకుంటే మాయం. "ముగ్గుర్ల ఎవరి కాలో మంచిగ లేదు" అని పక్కింటి ఆవిడ తేల్చేసింది. ఇంజనీర్లలో పెద్దాయన మాత్రం కాళ్ల జోలికి పోలేదు. శుక్రవారం దిగుతూ, "బ్రేకులు ఇట్లుంటె మేం ఎక్కం. సోమవారం నాటికి బాగు చేపియ్యకుంటె వేరే బండి మాట్లాడుకుంటం" అని చెప్పి పోయాడు. బావ ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు.

అప్పటికే మూడుసార్లు మేస్త్రి దగ్గరికి పోయి వచ్చాం. నాచారం రోడ్డు మీద రేకుల షెడ్డు ఆయనది. జనగామ వైపు నుంచి వచ్చిన క్రైస్తవుడు. ఆదివారం ప్రార్థన అయ్యేదాకా స్పానరు ముట్టడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇనుముకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, డాక్టరు గుండె విన్నట్టు వినేవాడు. మూడుసార్లూ చక్రం విప్పాడు, డ్రమ్ము తుడిచాడు, బ్రేకు లైనింగుకు గరుకు కాగితం పట్టాడు, స్ప్రింగులు మార్చాడు. మూడుసార్లూ షెడ్డు చుట్టూ తిప్పి చూస్తే నిశ్శబ్దం. మూడుసార్లూ మర్నాడు హబ్సిగూడలో టక్, టక్. చివరికి ఆయనకు ఒళ్లు మండింది. "నా షెడ్డుల లేని సప్పుడు నీ ఇంటికి పోంగనే ఎట్లొస్తది అన్నా? బండిల లేదు, నీ ఇంట్లనే ఉన్నది" అన్నాడు. ఆయన కోపంతో అన్న ఆ మాటలోనే జవాబుందని మాకెవరికీ తట్టలేదు.

శనివారం సాయంత్రం నోటుపుస్తకం తీసుకుని కూర్చున్నాను. చప్పుడు ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు రావడం లేదు, రెండు వరసల్లో రాశాను. బావ పక్కన కూర్చుని, "బామ్మర్దీ, నువ్వు పరీక్ష పేపర్లు దిద్దినట్టు దిద్దితె బండి పాసయితదా?" అన్నాడు. నవ్వుదామనుకున్నాడు గాని నవ్వు రాలేదు. ఒక్కసారి ఒక్కటే మార్చి చూడాలి, ఏది ఏమైనా రేపు దీని అంతు తేల్చాలి అని నిశ్చయించుకున్నాను.

ఆదివారం ప్రార్థన కాగానే మేస్త్రిని ఎక్కించుకుని హబ్సిగూడ దాకా పోయాం. ఇంజనీర్లు లేకపోయినా చప్పుడు వచ్చింది. పాపం, వాళ్ల కాళ్ల మీది నింద అక్కడితో పోయింది. అక్కణ్ణుంచి నాచారం వైపు తిరిగాం. దారిలో ఒక ఎత్తు ఉంది. "బావా, ఎత్తు ఎక్కేటప్పుడు గేరు తీసెయ్యి. బ్రేకు మాత్రం తొక్కకు. బండి దానంతటదే నెమ్మదించాలి" అన్నాను. బావ కాలు బ్రేకు మీద నుంచి తీసి, నాకు కనపడేలా పక్కకి పెట్టాడు. బండి వేగం తగ్గింది. ఇంకా తగ్గింది. టక్. టక్. టకటక. ముగ్గురం ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకున్నాం. మేస్త్రి మెల్లగా అన్నాడు: "బిరేకులది కాదు సార్. వారం సంది నేను ఏం దోషం లేనోన్ని కొడుతున్న."

అంటే నెమ్మదించడానికీ చప్పుడుకీ సంబంధం ఉంది గాని, బ్రేకుకి లేదు. చక్రంతోపాటు తిరిగే వస్తువేదో లోపల ఉంది. వేగంలో అంచుకి అతుక్కుపోయి కదలదు, వేగం తగ్గితే దొర్లుతుంది. ఇంత చక్కగా వివరించబోతుంటే మేస్త్రి, "సార్, ఉపన్యాసానికి నట్టు ఊడది, జర దిగున్రి" అన్నాడు. దిగి చక్రం చూశాను. నట్ల మీద మూసిన స్టీలు కప్పు ఎండలో మెరుస్తోంది. షెడ్డులో ఆ కప్పును నేను ఎన్నడూ చూడలేదు! షెడ్డులో వదిలిన బండికి కప్పులు మాయమవుతాయని, పోయేముందే విప్పి ఇంట్లో దాచుకోవడం అప్పటి డ్రైవర్ల ఇళ్లలో ఆనవాయితీ. మా అక్క వాటిని చింతపండు పెట్టి తోమేది. విప్పేదీ తానే, బిగించేదీ తానే. బావ ముట్టుకుంటే గీతలు పడతాయని ఒప్పుకునేది కాదు.

మేస్త్రి స్క్రూడ్రైవరుతో కప్పు లేపాడు. మైనం అంటుకున్న రాగి తాయెత్తు ఒకటి నా చెప్పు పక్కన పడింది.

దాన్ని పిడికిట్లో పట్టుకుని ఇంటికి తిరిగొస్తున్నప్పుడు నా ఉపన్యాసం మొత్తం సిద్ధంగా ఉంది. మూఢనమ్మకం అన్నం పళ్లెం లాగేస్తుందనడానికి ఇంతకన్నా రుజువు ఏ హేతువాదికి దొరుకుతుంది? అక్క కుళాయి దగ్గర గిన్నెలు తోముతోంది. పిడికిలి తెరిచి చూపించాను. చూసింది. గిన్నె కింద పెట్టింది.

"ముంగట కడితె నువ్వు తెంపితివి. గందుకే లోపల పెట్టిన. ఎండకో ఏమో, మైనం కరుగుతుండె. షెడ్డుకు పోయినప్పుడల్లా మల్ల అతికిచ్చిన."

"చప్పుడు దీనివల్లేనని నీకు తెలియలేదా?"

"నేనేమన్న బండెక్కిననా తమ్మీ? బిరేకులు అన్నరు మీరందరు. బిరేకులు అంటె నాకు ఇంకింత భయమైంది. ఇంకింత మైనం పెట్టిన." చేతులు కొంగుకి తుడుచుకుంది. "ఆ దినం ఉప్పల్ కాడ లారీ రాసుకపోతె మీ బావకు రోడ్డు రూల్సు జెప్పినవ్. నన్నేమన్న అడిగినవా? నీకు భయమైతె బుక్కు సదువుకుంటవ్. నాకు భయమైతె నేనేం జెయ్యాలె?"

రీడింగ్ రూములో ఎవరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. వెనకే వచ్చిన బావ అరవడానికి నోరు తెరిచాడు. "అక్కను ఏమీ అనకు, ఆ దండ తెంపింది నేను" అన్నాను. అది వాదం కాదు, ఉన్న సంగతి. తాయెత్తు ఆమె చేతిలోనే పెట్టాను.

సోమవారం పెద్ద ఇంజనీరు ముందు సీటులో కూర్చుని నాచారం దాకా పేపరు చదువుకున్నాడు. తల ఎత్తలేదు. మాకు అంతకన్నా గొప్ప సర్టిఫికెట్టు అక్కర్లేదు.

ఆ తరవాత నెలకోసారి బండి షెడ్డుకి పోతే అక్క కూడా పోయేది. అది నేను పట్టుబట్టి పెట్టిన పద్ధతి. మేస్త్రి ఆమెను డ్రైవరు సీటులో కూర్చోబెట్టి బ్రేకు తొక్కించేవాడు, ఆయిలు ఎంతుందో చూపించేవాడు. మొదట్లో సిగ్గుపడింది. మరుసటి వేసవిలో ఒక పొద్దున, కప్పులు బిగించాక ఒకసారి బ్రేకు తొక్కి చూసి, "ఇయ్యాల బండి తియ్యకు, పెడలు మెత్తగ దిగుతున్నది" అంది. మేస్త్రి వచ్చి చూస్తే బ్రేకు ఆయిలు కారిపోతోంది. ఆ రోజు బావ ఆమెను చూసిన చూపు నాకింకా గుర్తుంది. తాయెత్తు ఏమైందని నేను మాత్రం ఎన్నడూ అడగలేదు. అడగకుండా ఉండటం ఎంత కష్టమో నా వ్యాసాలు చదివినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

పోయిన నెల ఆ అద్దెకారు దిగుతూ, "బాబూ, ఒకసారి బ్రేకు తొక్కకుండా బండిని నెమ్మదించనిచ్చి విను" అని మాత్రం చెప్పాను. అతను పాట ఆపి నావైపు చూశాడు. వయసులో ఉన్నప్పుడు వేగంగా పోతుంటాం, లోపల ఉన్నదేదీ చప్పుడు చెయ్యదు. కాలం కాస్త నెమ్మదించాక ఇప్పుడు "నాకు భయమైతె నేనేం జెయ్యాలె?" అన్న అక్క ప్రశ్న నాకు రోజూ వినపడుతోంది.