హుసేనప్ప ఈత పరీక్ష

ఎమ్మిగనూరుకు ఉత్తరాన తుంగభద్ర ఒకచోట దారి మరిచిన ఆవులా ఒడ్డులోకి చొరబడి పెద్ద మడుగై కూర్చుంది. ఏరంతా ఇసుకైన కరువులో కూడా ఆ మడుగు ఎండలేదని పెద్దలు చెప్పేవారు. పెద్దలు చెప్పేవన్నీ నమ్మక్కర్లేదు గానీ ఇది నిజమే.

ఆ మడుగు మీద ముప్పై ఏళ్ళు పుట్టి పడవ నడిపినవాడు హుసేనప్ప. పెద్దకడుబూరు నుంచి ఇల్లరికం వచ్చి, మామ పుట్టి అందుకున్నాడు. ఎమ్మిగనూరు చీరల మూటలు, ఆదోని పత్తి వ్యాపారులు, వాళ్ళ పొట్టలు, పెళ్ళివాళ్ళు, మేకలు, అన్నిటినీ అవతలి హైదరాబాదు రాజ్యం ఒడ్డున దించేవాడు. వెదురు బుట్టకు బర్రెతోలు కప్పిన ఆ గుండ్రటి పుట్టి కొత్తవాళ్ళ చేతిలో గిరగిరా తిరుగుతుంది. హుసేనప్ప తెడ్డు పడితే మాత్రం చెప్పినమాట వినే కోడలిలా సూటిగా పోయేది. అలాంటి కోడలిని ఎవరూ చూడలేదు, అది వేరే మాట.

ఇంత మొనగాడికి ఈత రాదు. ఆ సంగతి భార్య బసమ్మకొక్కతెకే తెలుసు. పడితే తేలడానికని నడుముకు ఎండిన సొరబుర్ర కట్టుకునేవాడు. అడిగితే తాగేనీళ్ళనేవాడు. చుట్టూ ఇన్ని తియ్యటి నీళ్ళుండగా బుర్రలో నీళ్ళెందుకని ముప్పై ఏళ్ళలో ఒక్కడూ అడగలేదు. ఊరివాళ్ళ తెలివి అంత.

ఎగువన హొసపేట దగ్గర ఆనకట్టలో నీళ్ళు నిలిపిన మరుసటేడు, యాభై నాలుగులో, తాలూకా ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఈత వచ్చినవాళ్ళకే రేవు అనుమతి. సోమవారం అధికారి వచ్చి చూస్తాడు. రేవు పోతే హుసేనప్ప కూలికి శనక్కాయలు పెరకాల్సిందే.

"నేను నేర్పిస్తా రావయ్యా. మూడు దినాల్లో కుక్కపిల్లకైనా వస్తాది" అంది బసమ్మ.

"ఆడదాని కాడ ఈత నేర్సుకుంటే నా మీసం యాడ పెట్టుకోవల్ల?"

"నువ్వు మునిగితే మీసమేం పైన తేలదు."

"నోరు ముయ్యే. నా దారి నాకుంది."

సోమవారం ఒడ్డు నిండింది; తిరునాళ్ళకైనా అంతమంది రారు. గొడుగు కింద కూర్చున్న అధికారి, ముందుగా ఆ బుర్ర విప్పమన్నాడు. హుసేనప్ప విప్పాడు. తలపాగా మాత్రం తీయలేదు. గొంతు దాకా దిగి, బారలు వేస్తూ ముందుకు సాగాడు.

"అబ్బబ్బ, ఏమి ఈదుతాండాడప్పా! నీళ్ళే కదలడంల్యా!" అని పొరుగింటి గిడ్డయ్య చప్పట్లు కొట్టాడు. అధికారి కూడా తలూపాడు.

బసమ్మకు అర్థమైంది. ముగ్గురు బిడ్డల తండ్రి, ఆయన ఒళ్ళు ఎట్లా కదులుతుందో ఆమెకు తెలియదా? నడుస్తున్నాడు. నీళ్ళ కింద ఏ బండ ఎక్కడుందో ముప్పై ఏళ్ళుగా తెడ్డుతో తడిమినవాడు, బండల వరస మీద కింద షికారు, పైన చేతుల నాటకం!

అధికారి ముచ్చటపడ్డాడు. "అట్లే నడిమి దాకా పోయిరాప్పా" అన్నాడు.

బండలు అక్కడితో సరి. వెనక్కి తిరిగుంటే బతికిపోయేవాడు. కానీ ఊరంతా చూస్తుంటే మగవాడు వెనక్కి తిరుగుతాడా? ఇంకొక్క అడుగు వేసి గుటుక్కున మాయమయ్యాడు. తలపాగా ఒక్కటే మిగిలింది.

"మునిగి ఈదుతాండాడు!" అన్నాడు గిడ్డయ్య.

"నీ మొగం! సస్తాండాడు!" అని బసమ్మ చీర పైకి దోపుకుని దూకింది. జుట్టు పట్టుకుని మొగుణ్ణి ఒడ్డుకు ఈడ్చి, బోర్లా పడేసి, కడుపులోని మడుగంతా కక్కించింది.

అధికారి గొడుగు వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. "నీకు ఈత ఎవరు నేర్పినారమ్మా?"

"ఈడ పుట్టినోళ్ళకు నేర్పేదేముంది సామీ?"

"పుట్టి నడుపుతావా?"

"ఆ పుట్టి మా నాయనది. ఈయప్పకు తెడ్డు పట్టేది నేర్పింది నేనే."

అనుమతి కాగితం బసమ్మ పేరున వచ్చింది. హుసేనప్ప రెండు రోజులు అలిగి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడోరోజు రేవులో జనం కేకలు వేస్తుంటే లేచి వెళ్ళాడు. బసమ్మ తెడ్డు ఆయన చేతికే ఇచ్చింది. తాను మాత్రం కాగితం కొంగుకు ముడివేసుకుని ఎదురుగా ఎక్కి కూర్చుంది. అప్పటి నుంచి ఆ పుట్టిలో ఒక మేకకు చోటు తక్కువ.